షుగర్ వైద్యానికీ ఒక హాజరు పట్టిక కావాలి



నేను డాక్టరును కాను. పాతికేళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయుణ్ణి. అయినా ఈ ఏడాది సంచికకు చదువుల మీద కాకుండా షుగర్ వ్యాధి వైద్యం మీద రాస్తానని అడిగి మరీ ఈ పేజీలు తీసుకున్నాను. దానికి కారణం ఒక చిన్న చీటీ.

సుమారు పద్నాలుగేళ్ల క్రితం మా మొహల్లాలోని ఉర్దూ పాఠశాల వరండాలో ఒక ఉచిత వైద్య శిబిరం జరిగింది. రెండు టెంట్లు, ఒక బ్యానరు, ముగ్గురు డాక్టర్లు, మధ్యాహ్నం వచ్చినవారందరికీ భోజనం. దస్తూరీ బాగుంటుందని పేర్లు రాసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. మూడు వందల పైచిలుకు మందికి పేరు, వయసు, వేలి రక్తంలో షుగర్ ఎంత ఉందో చీటీల మీద రాసి ఇచ్చాను. అందులో మా చిన్న మామూ ఒకరు. ఆయన టైలరు. ఆయన చీటీ మీద 286 అని రాసింది నేనే. డాక్టరుగారు పదిహేను రోజులకు మాత్రలు ఇచ్చి, అవి అయిపోయాక మళ్లీ చూపించుకోమన్నారు.

మామూ మాత్రలు వేసుకున్నారు. ఒళ్లు తేలికపడినట్టు అనిపించింది. మానేశారు. ఆరేళ్ల తరువాత కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది. విరిగిన సూది ముక్క అరికాల్లో గుచ్చుకుని ఉన్నా ఆయనకు తెలియలేదు. ఇంట్లోవాళ్లు చూసేసరికి వేళ్లు నల్లబడ్డాయి. మూడు వేళ్లు తీసేశారు. కొట్టు ఏడాదిపాటు మూతపడింది. ఆయన చిన్నకూతురు, నా దగ్గరే పదో తరగతి చదివిన పిల్ల, డిగ్రీ రెండో సంవత్సరంలో చదువు ఆపేసి ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది.

ఆసుపత్రివాళ్లు పాత కాగితాలు అడిగితే మిషను సొరుగులో వెతికాను. నా దస్తూరీతో ఉన్న ఆ చీటీ నాలుగు మడతలు పెట్టి దొరికింది. "మళ్లీ ఎందుకు చూపించుకోలేదు మామూ?" అని అడిగాను. "నొప్పి లేదు, నీరసం లేదు. తగ్గిపోయిందనుకున్నా బేటా. మళ్లీ రమ్మని ఎవరూ కబురు కూడా పెట్టలేదు" అన్నారు.

బడిలో ఒక పిల్లవాడు వరుసగా మూడు రోజులు రాకపోతే నేను ఇంటికి ఫోను చేస్తాను. హాజరు పట్టికలో ఆ గళ్లు కళ్లకు కనబడతాయి కాబట్టి చేస్తాను. ఆ శిబిరంలో రాసిన పేర్ల కాగితాలను మాత్రం సాయంత్రానికే బ్యానరుతోపాటు కట్టకట్టి అటక మీద పడేశాం. ఎవరు మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో చూసుకునే పట్టిక మా దగ్గర లేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. అప్పటినుంచి దొరికింది చదువుతూ, తెలిసిన డాక్టర్లను అడుగుతూ నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ఈ జబ్బు తీరే వేరు

జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది, మనిషి తనంతట తానే దవాఖానాకు పరుగెత్తుతాడు. షుగర్ అలా కాదు. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది. ఈలోగా కళ్లలో, మూత్రపిండాల్లో ఉండే సన్నని రక్తనాళాలను, కాళ్లలోని నరాలను దెబ్బతీస్తుంది. గుండెకు, మెదడుకు, కాళ్లకు వెళ్లే పెద్ద రక్తనాళాలను పూడుస్తుంది. బాధ తెలిసేసరికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అందుకే "బాధ ఉంటే వస్తాడులే" అనే పద్ధతి ఈ జబ్బుకు పనికిరాదు.

ఇది కొద్దిమంది సమస్య కూడా కాదు. భారత వైద్య పరిశోధన మండలి అండతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది షుగర్ అంచున ఉన్నారు. ఇంతమందిని పెద్దాసుపత్రుల స్పెషలిస్టులు చూడలేరు. వీళ్లలో ఎక్కువమందికి వైద్యం జరగాల్సింది వీధి చివరి క్లినిక్‌లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, బస్తీ దవాఖానాలో. కాబట్టి షుగర్ రోగుల తలరాత ఆ చిన్న గదుల్లో జరిగే వైద్యం నాణ్యత మీద ఆధారపడి ఉంది.

ఆ వైద్యం వల్ల నిజంగా తేడా వస్తుందా అన్న అనుమానం కొందరికి ఉంటుంది. బ్రిటన్‌లో 1977లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. షుగర్ కొత్తగా బయటపడిన 5,102 మందిని ఏళ్ల తరబడి గమనించి, 1998లో ఫలితాలు ప్రకటించారు. షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి సన్న రక్తనాళాల జబ్బులు 25 శాతం తగ్గాయి. బీపీని కూడా గట్టిగా అదుపు చేసినవారిలో పక్షవాతం 44 శాతం తగ్గింది. వాడినవి అద్భుతమైన మందులేమీ కాదు, ఇవాళ మన మందుల షాపుల్లోనూ దొరికే తరహా మాత్రలు, ఇన్సులిన్. వాటిని మానకుండా వాడడం, క్రమం తప్పకుండా పరీక్షించడం, అవసరమైనప్పుడు మోతాదు మార్చడం. తేడా అంతా అక్కడే వచ్చింది.

మంచి వైద్యమని దేన్ని అనాలి?

"మా డాక్టరుగారి హస్తవాసి మంచిది" అంటాం. ఆ మాటను నేను కాదనను. కానీ నాణ్యతను కొలవాలంటే హస్తవాసి చాలదు. పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డులో ఒక్క తెలుగు మార్కు చూసి చదువు బాగుందని చెప్పలేం, ఆరు సబ్జెక్టులూ చూడాలి. షుగర్‌కూ అలాంటి కార్డు ఉంది. ఏడాదికి కనీసం ఒకసారి ప్రతి రోగికీ జరగాల్సిన పరీక్షలు ఇవి.

మొదటిది హెచ్‌బీఏ1సీ. ల్యాబుల్లో "మూడు నెలల షుగర్" అంటారు. పరగడుపు షుగర్ ఆ పూట సంగతే చెబుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు తీపి మానేస్తే అది తగ్గి కనిపిస్తుంది, పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టిన పిల్లవాడిలాగా. హెచ్‌బీఏ1సీ అలా మోసపోదు. చాలామందికి ఇది 7 శాతం లోపు ఉండాలంటారు. వయసు బాగా పైబడినవారికి, ఇతర జబ్బులున్నవారికి డాక్టరు కొంత సడలిస్తారు. అదుపులో లేనివారికి ఈ పరీక్ష మూడు నెలలకొకసారి కావాలి.

రెండోది బీపీ. మూడోది కొలెస్ట్రాల్. గుండెపోటు, పక్షవాతం నుంచి కాపాడడంలో ఈ రెండూ ముఖ్యం. షుగర్ మీద ధ్యాసలో పడి ఎక్కువగా మరిచిపోయేవీ ఇవే.

నాలుగోది రక్తంలో క్రియాటినిన్, ఐదోది మూత్రంలో ఆల్బుమిన్. రెండూ మూత్రపిండాల కోసమే. క్రియాటినిన్ పెరిగేసరికి మూత్రపిండాలు చాలా దెబ్బతిని ఉంటాయి. మూత్రంలో ఆల్బుమిన్ అంతకన్నా ముందుగానే హెచ్చరిస్తుంది. ఆ దశలో సరైన మందు పడితే డయాలసిస్‌ను ఏళ్లపాటు వెనక్కి నెట్టవచ్చు.

ఆరోది పాదాల పరీక్ష. ఏడోది బరువు. ఎనిమిదోది బీడీ, సిగరెట్, పొగాకు అలవాటు ఉందేమో అడగడం, ఉంటే మాన్పించే ప్రయత్నం చేయడం. తొమ్మిదోది కంటి లోపలి రెటీనాను ఫొటో తీయించడం. చూపు బాగానే ఉందనుకునే రోజుల్లోనే ఇది జరగాలి, ఎందుకంటే చూపు తగ్గాక చేసే చికిత్స పోయిన చూపును పూర్తిగా తిరిగి తేలేదు.

పాదాల పరీక్షకు యంత్రాలే అక్కర్లేదు. డాక్టర్లు సన్నని నైలాన్ తీగతో చేస్తారు. ఇంట్లో చేసుకోగలిగే పద్ధతిని ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ పట్టణ వైద్యులు చెప్పారు. రోగిని కళ్లు మూసుకోమనాలి. రెండు కాళ్లలోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు చివరలను మన చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకాలి. నొక్కకూడదు. తాకిన ప్రతిసారీ కుడి కాలో ఎడమ కాలో చెప్పమనాలి. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే పాదాల్లో స్పర్శ తగ్గిందని అర్థం, డాక్టరుకు చూపించాలి. ఈ సంచిక చదవడం పూర్తిచేశాక మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవారికి ఈ పరీక్ష చేసి చూడండి. మా మామూకు ఎవరైనా ముందే చేసి ఉంటే చెప్పులు లేకుండా మిషను తొక్కనిచ్చేవాళ్లం కాదు.

మన దగ్గర ఎక్కడ జారిపోతోంది?

నేను చూసిన చిన్న క్లినిక్‌లలో డాక్టర్లు మంచివాళ్లే. కానీ సాయంత్రం రెండు మూడు గంటల్లో అరవై డెబ్బై మందిని చూడాలి. జ్వరాలు, దగ్గులు, కడుపునొప్పుల మధ్య ఒక షుగర్ రోగి వస్తాడు. చేతిలో ఉంటే గింటే పాత చీటీ, లేకపోతే అదీ లేదు. "షుగర్ ఎంతుంది?" "180 సార్." "అవే మాత్రలు వాడండి." ఆ రెండు నిమిషాల్లో పాదాలు చూడడానికి, కంటి పరీక్ష ఎప్పుడు జరిగిందో అడగడానికి వీలుండదు. పోయినసారి ఎంత ఉందో కాగితం మీద లేకపోతే, ఆ 180 తగ్గుతూ వచ్చిందో పెరుగుతూ వచ్చిందో డాక్టరుకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇక రోగివైపు చూడండి. క్లినిక్‌కు వెళ్తే ఒక పూట కూలి పోతుంది. అందుకే పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు కొంటాడు. మూడేళ్లు, నాలుగేళ్లు అవే మాత్రలు. చేతిలో డబ్బు లేని నెలలో ఒక పూట మానేస్తాడు. పక్కింటివాళ్లు కాకరకాయ రసం చాలంటే మాత్రలు ఆపేస్తాడు. ఇన్సులిన్ అనగానే "ఆఖరి దశకు వచ్చింది" అని భయపడి డాక్టరునే మార్చేస్తాడు. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. పిల్లల ఫీజు, అత్తగారి మందులు, ఇంటి అద్దె అయ్యాక మిగిలితేనే ఆమె పరీక్ష.

ఇలా ఒక్కొక్కరే క్లినిక్‌కు రావడం మానేస్తారు. రానివాళ్లు ఎవరో క్లినిక్‌కు తెలియదు. వచ్చినవాళ్లే డాక్టరుకు కనిపిస్తారు. హాజరు పట్టిక లేని తరగతిలో ఉపాధ్యాయుడికి ఎదురుగా కూర్చున్న పిల్లలే లోకంలా అనిపిస్తారు. ఇదీ అలాంటిదే.

ఒక దేశం చేసి చూపించింది

ఈ లోపాన్ని వీధి క్లినిక్ స్థాయిలోనే సరిచేయడానికి గట్టిగా ప్రయత్నించిన దేశాల్లో ఇంగ్లండ్ ఒకటి. అక్కడ ప్రజలు తమ పేటలోని కుటుంబ వైద్యుల క్లినిక్‌లో పేరు నమోదు చేసుకుంటారు. 2004లో ప్రభుత్వం ఆ క్లినిక్‌లతో కొత్త ఒప్పందం చేసుకుంది. షుగర్ ఉన్నవారందరి జాబితా ఉంచాలి, పరీక్షలు జరిగాయో లేదో రాయాలి, ఎంతమందికి అదుపులో ఉందో చూపాలి. ఆ లెక్కనుబట్టి క్లినిక్‌కు కొంత అదనపు చెల్లింపు. షుగర్ రోగులను పిలిపించడం, పరీక్షలు చేయడం చాలావరకు నర్సులు చూసుకుంటారు. రానివారికి ఉత్తరమో ఫోనో వెళ్తుంది. పైన చెప్పిన పరీక్షల్లో మొదటి ఎనిమిదీ ఎంతమందికి జరిగాయో జాతీయ స్థాయిలో ఏటా లెక్కగట్టి ప్రకటిస్తారు.

కంటి ఫొటోల కోసం 2003లో విడిగా జాతీయ కార్యక్రమం మొదలైంది. 2014లో అచ్చయిన ఒక పరిశీలన ఏం చెప్పిందంటే, పనిచేసే వయసువారికి అంధత్వం రావడానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు యాభై ఏళ్లుగా మొదటి కారణంగా ఉన్న షుగర్ కంటిజబ్బు 2009-10 నాటికి ఆ మొదటి స్థానం నుంచి దిగిపోయింది. దీనికి కంటి పరీక్షల కార్యక్రమం, షుగర్ అదుపు మెరుగుపడడం తోడ్పడి ఉంటాయని పరిశీలకులు అభిప్రాయపడ్డారు.

అక్కడా అంతా బాగుందని కాదు. ఎనిమిది పరీక్షలూ పూర్తికాని రోగులు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వయసులో చిన్నవారే ఎక్కువగా తప్పిపోతున్నారు. కరోనా సమయంలో లెక్కలు బాగా పడిపోయాయి. కానీ పడిపోయిన సంగతి వాళ్లకు తెలిసింది. లెక్క ఉన్నచోట లోపం కనబడుతుంది, కనబడిన లోపాన్ని దిద్దుకోవచ్చు.

అది డబ్బున్న దేశం, మనకు కుదరదని అనుకోనక్కర్లేదు. భారత్, పాకిస్తాన్‌లలోని 10 షుగర్ క్లినిక్‌లలో 1,146 మందితో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. సగంమందికి మామూలు వైద్యం. మిగతా సగానికి రెండు అదనం. ఒకటి, డాక్టరు కాని ఒక సహాయకుడు రోగిని వెంటబడి పలకరిస్తూ ఉంటాడు. రెండు, రోగి వివరాలు చూసి డాక్టరుకు సూచన చేసే కంప్యూటరు. షుగర్ అదుపుతోపాటు బీపీ గానీ చెడు కొలెస్ట్రాల్ గానీ గురిలోకి వచ్చినవారు మామూలు వైద్యంలో 8.1 శాతం ఉంటే, ఈ పద్ధతిలో 18.2 శాతం ఉన్నారు. రెట్టింపుకు పైనే. అవి ప్రత్యేక క్లినిక్‌లే అయినా, వెంటబడి పలకరించే మనిషిని ఏ వీధి క్లినిక్ అయినా పెట్టుకోవచ్చు.

ఇంకా దగ్గరగా చూస్తే, బీపీ అదుపు కోసం దేశంలో మొదలైన కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ అర్థమయ్యే ఒకే చికిత్సా పద్ధతి, మందులు ఆగకుండా సరఫరా, డాక్టరుతోపాటు నర్సు, ఆశా కార్యకర్త పాలుపంచుకోవడం, రోగికి దగ్గరలోనే సేవ, రోగుల వివరాల నమోదు. ఈ ఐదూ ఆ కార్యక్రమానికి స్తంభాలు. షుగర్‌కూ ఇవే కావాలి.

రంజాన్ విషయం

మన రోగులకు ఇంకొక ప్రత్యేక అవసరం ఉంది. 2001లో 13 దేశాల్లో 12 వేలమందికి పైగా ముస్లిం షుగర్ రోగులను పరిశీలించారు. పెద్దవయసులో వచ్చే రకం షుగర్ ఉన్నవారిలో 79 శాతం మంది రోజా పాటించారు. వారిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు మిగతా నెలలతో పోలిస్తే రంజాన్‌లో 7.5 రెట్లు పెరిగాయి.

రోగికి రోజా విషయంలో ఉన్న సడలింపు మనందరికీ తెలుసు. అయినా మనవాళ్లు వదలరు, డాక్టరుతో చెప్పరు. సహరీలో వేసుకోవాల్సిన మాత్ర ఏదో, ఇఫ్తార్‌లో ఏదో తమకు తోచినట్టు మార్చుకుంటారు. కొన్ని రకాల మాత్రలు, ఇన్సులిన్ ఖాళీ కడుపు మీద షుగర్‌ను బాగా పడగొడతాయి. అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాల ప్రకారం రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. అంటే రజబ్ నెలలోనే. ఎవరు రోజా ఉండవచ్చు, ఎవరు ఉండకూడదు, ఎవరి మాత్ర ఎప్పటికి మార్చాలి అన్నది అప్పుడే తేలాలి. రోజాలో షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలి రక్తంతో పరీక్ష చేసుకుంటే రోజా పోదన్నది ఎక్కువమంది ఉలమా అభిప్రాయం.

రజబ్‌లో ఎవరెవరిని పిలవాలి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది కూడా రిజిస్టరే.

మన విరాళం ఏం చేయగలదు?

శిబిరాలు మానేయమని నేను అనడం లేదు. శిబిరంలో దొరికిన పేరు రిజిస్టరులో మొదటి వరుస కావాలి. అక్కడితో ఆగితే మా మామూ చీటీలాగా సొరుగులో ముగుస్తుంది. నా సూచనలు ఇవి.

ఒకటి, రిజిస్టరు. మన మొహల్లాలో వైద్యం చేస్తున్న ఒకరిద్దరు డాక్టర్లతో, దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంతో మాట్లాడి షుగర్ ఉన్నవారి జాబితా తయారుచేయాలి. ఒక్కొక్కరికీ తొమ్మిది గళ్లు, మళ్లీ రావాల్సిన తేదీ. మొదట పెద్ద పుస్తకం చాలు. రోగి చేతికి అదే వివరాలతో ఒక కార్డు.

రెండు, ఒక మనిషి. మన మొహల్లాలోనే ఇంటర్మీడియట్, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఉన్నారు. డాక్టరుగారి పర్యవేక్షణలో బీపీ చూడడం, బరువు తూచడం, పాదాలు పరీక్షించడం నేర్పించి ఒకరికి జీతమిద్దాం. తేదీ దాటినవారికి ఫోను చేయడం, పలకకపోతే ఇంటికి వెళ్లడం ఆమె పని. మందు మార్చే పని మాత్రం డాక్టరుదే. బీద ఇంట్లో ఆడవాళ్లు తమ కష్టం ఇంకో ఆడమనిషితోనే చెప్పుకుంటారు.

మూడు, డబ్బు పడే పరీక్షలు. హెచ్‌బీఏ1సీ, మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్, కొలెస్ట్రాల్ పరీక్షలు ఖర్చుకు వెనుకాడి ఆగిపోతాయి. ఏడాదికి ఇంతమందిని పంపుతామని ల్యాబుతో మాట్లాడుకుంటే ధర తగ్గుతుంది. కంటి ఫొటోలకు ఏడాదికొకసారి కంటి ఆసుపత్రివారిని రప్పించవచ్చు.

నాలుగు, మందులు. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా దొరికేవాటికి మన డబ్బు ఖర్చు చేయనక్కర్లేదు. ముప్పై ఏళ్లు దాటినవారందరికీ షుగర్, బీపీ పరీక్షలు చేయాలన్న ప్రభుత్వ కార్యక్రమం ఉంది, ఆశా కార్యకర్తలు ఉన్నారు. వారితో కలిసి పనిచేద్దాం. అక్కడ స్టాకు లేని నెలలో రోగి మాత్ర ఆగకుండా జన ఔషధి షాపులో కొనివ్వడానికి ఒక చిన్న నిధి ఉంటే చాలు.

ఐదు, గోప్యత. పెళ్లి కావలసిన పిల్లకు షుగర్ ఉందని తెలిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. రిజిస్టరు ఎవరి చేతిలో పడితే వారి చేతిలో పడకూడదు. సాయం పొందుతున్నవారి ఫొటోలు సావనీరులో వేయవద్దు.

ఇందులో ఏ ఖర్చు జకాత్ నుంచి, ఏది సదఖా నుంచి అన్నది మన ఉలమాను అడిగి తేల్చుకుందాం.

దాతలు అడగాల్సిన లెక్క

ఇప్పటివరకు మన వార్షిక నివేదికలో "శిబిరానికి ఇంతమంది వచ్చారు" అని రాస్తున్నాం. ఇకమీదట దాతలుగా మీరు నాలుగు ప్రశ్నలు అడగండి. రిజిస్టరులో ఉన్నవారిలో గత మూడు నెలల్లో ఎంతమంది వచ్చారు? తొమ్మిది గళ్లూ ఎంతమందికి నిండాయి? డాక్టరు పెట్టిన గురిలోపు ఎంతమందికి షుగర్, బీపీ ఉన్నాయి? రాకుండాపోయినవారు ఎందరు, ఎందుకు?

మొదటి ఏడాది అంకెలు చూసి బెంగపడకండి. మొదటి యూనిట్ పరీక్షలో మార్కులు తక్కువగానే వస్తాయి. ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి, ఇది నా వృత్తిలో చూసిందే. పదో తరగతిలో నూరు శాతం ఫలితం కోసం వెనుకబడిన పిల్లలను తొమ్మిదిలోనే వదిలించుకునే బడులు ఉన్నాయి. అంకె బాగుంటుంది, పిల్లవాడు పోతాడు. మనం కూడా రిజిస్టరులోంచి మొండి రోగుల పేర్లు తీసేసి శాతాన్ని పెంచుకోకూడదు. ఎక్కువ కష్టపెట్టే రోగి కోసమే ఈ ఏర్పాటంతా.

మామూ ఇప్పుడు మిషనుకు మోటారు పెట్టించుకుని మళ్లీ బట్టలు కుడుతున్నారు. తేదీ దగ్గరపడగానే నేనే ఫోను చేస్తాను. "గుర్తుంది బేటా, గుర్తుంది" అని విసుక్కుంటూనే క్లినిక్‌కు వస్తారు. ఆయనకు ఫోను చేయడానికి ఒక మేనల్లుడు ఉన్నాడు. ఆ రోజు నేను చీటీలు రాసిచ్చిన మిగతావారిలో ఎంతమందికి అలాంటి మనిషి ఉన్నాడో నాకు తెలియదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదనను చర్చకు పెట్టాలని, కనీసం ఒక మొహల్లాలో ఒక ఏడాది అమలుచేసి చూడడానికి నిధి కేటాయించాలని దాతలను, పెద్దలను వినయంగా కోరుతున్నాను. పేర్లు రాసే పని నాకే అప్పగించండి. ఈసారి ఆ పుస్తకాన్ని అటక ఎక్కించను.